తనకు తాను గీసుకొన్న గీత

ఆట అనగానే గెలుపు, ఓటమి గుర్తుకు వస్తాయి. చదరంగంలో రాజు చిక్కితే ఆట ముగుస్తుంది. కబడ్డీలో కూత తెగకుండా గీత దాటి తిరిగి రావాలి. ఇంత ఆడితే గెలిచినట్లు అని చెప్పే ఘట్టమే లేని ఆటను ఎవరైనా ఆడతారా? 2000 ఫిబ్రవరిలో అమెరికాలో విడుదలైన 'ది సిమ్స్' అనే కంప్యూటర్ ఆట అటువంటిది. పాతికేళ్లు దాటినా, రూపం మార్చుకొంటూ దేశదేశాలలో అది నడుస్తూనే ఉంది.

'సిమ్' అంటే తెరమీద కనిపించే బొమ్మమనిషి. ఆడేవారు ఆ మనిషికి రూపం, పేరు, స్వభావం ఇస్తారు. ఇల్లు కట్టిపెడతారు. ఆకలి, నిద్ర, స్నానం, వినోదం, నలుగురితో మాటామంతీ వంటి అవసరాలు గంటగంటకూ తలెత్తుతుంటాయి, వాటిని తీర్చాలి. ఉద్యోగానికి పంపాలి. సిమోలియన్లనే నాణేలలో జీతం వస్తుంది, బిల్లులూ వస్తాయి. సిమ్‌లు మాట్లాడే భాషకు పదార్థం లేదు, స్వరం మాత్రమే ఉంది. కోపమైనా ప్రేమైనా ఆ స్వరాన్నిబట్టి గ్రహించవలసిందే.

దీని రూపకర్త విల్ రైట్. నగర నిర్మాణాన్నే ఆటగా మలచిన 'సిమ్‌సిటీ'తో 1989లో ఆయన పేరు పొందాడు. 1991 అక్టోబరులో కాలిఫోర్నియాలోని ఓక్లండ్ కొండలలో చెలరేగిన కార్చిచ్చు ఆయన ఇంటిని బుగ్గి చేసింది. సర్వం పోయిన మనిషి మళ్లీ బ్రతుకు కూర్చుకోవాలంటే మొదట ఏ వస్తువు కావాలి? తరువాత ఏది? నిజంగా అక్కరలేనిది ఏది? ఆ ఆలోచన నుండి ఈ ఆట మొలకెత్తింది. తొలి ఊహలో ఇది ఇల్లు కట్టే ఆట మాత్రమే. కట్టిన ఇల్లు బాగున్నదో లేదో చెప్పడానికే అందులో మనుషులను పెట్టారు. క్రమంగా ఆ మనుషులే కథానాయకులయ్యారు. బొమ్మరిల్లు అనే అర్థం వచ్చే పేరు దీనికి మొదట అనుకొన్నారట. సంక్రాంతినాడు బొమ్మల కొలువులో చెరువు, అంగడి, పెళ్లిపందిరి అమర్చిన మన ఆడపిల్లలకు ఈ ఊహ కొత్తది కాదు.

ఇటువంటి ఆటలు కాలహరణమని పెద్దలు విసుక్కోవడం వింటూనే ఉన్నాము. ఆ విసుగులో కొంత న్యాయం ఉంది; పరీక్షల ముందు రాత్రిళ్లు తెరముందు గడిపే విద్యార్థిని సమర్థించడం నా ఉద్దేశం కాదు. అయితే ఈ ఆటను ఆడేవారు తమంత తాము చేసిన ఒక పని మాత్రం సాహిత్య విద్యార్థులు తీరికగా ఆలోచించదగినది.

ఆటలో సంపదకు కొరత లేదు. 'మదర్‌లోడ్' అనే మాట టైపు చేస్తే ఏభై వేల సిమోలియన్లు వచ్చి పడతాయి. మళ్లీ టైపు చేస్తే మళ్లీ ఏభై వేలు. కామధేనువు పెరట్లో కట్టివేసి ఉన్నట్లే. కొత్తగా ఆడేవారు ఈ మంత్రంతో మేడలు కడతారు, ఈతకొలనులు తవ్విస్తారు. కొన్నాళ్లకు ఆ మేడలో ఏమీ తోచదు. కోరినదల్లా దొరికే చోట కోరికకే రుచి ఉండదు. అప్పుడు వారిలో చాలామంది ఒక విచిత్రమైన పనికి పూనుకొన్నారు. ఎవరూ అడగకుండానే తమకు తాము నియమాలు విధించుకొన్నారు.

వాటిలో ప్రసిద్ధమైనది 'లెగసీ ఛాలెంజ్'. దీనిని వంశనియమం అనవచ్చు. 2004లో వచ్చిన 'సిమ్స్ 2'లో బొమ్మమనుషులకు వార్ధక్యమూ తరాల వరుసా ఏర్పడ్డాయి కాబట్టి ఇది సాధ్యమైంది. మొదటి ఆటలో పెద్దవారు ముసలివారయ్యేవారు కారు. ఒకే ఒక మూలపురుషుడో, మూలస్త్రీయో పెద్ద ఖాళీ స్థలం కొని, చేతిలో నామమాత్రపు సొమ్ముతో కాపురం మొదలుపెట్టాలి. మంత్రం వేసి డబ్బు తెచ్చుకోరాదు. వంశం ఆ స్థలాన్ని విడిచిపోరాదు. ఇలా పది తరాలు నిలబడాలి. మరికొందరు దమ్మిడీ లేని స్థితినుండి ధనవంతులు కావాలని నియమం పెట్టుకొంటారు. ఇల్లు కట్టడంలో ఆసక్తి ఉన్నవారు, మరొకరు లేపి ఇచ్చిన బయటి గోడలను కదపకుండా లోపలి గదులను మాత్రమే తీర్చిదిద్దుతారు. చివరి పాదం ఒకరు ఇస్తే తక్కిన మూడు పాదాలు అల్లే సమస్యాపూరణానికి, దీనికి దూరం ఎంత?

ఇక్కడ మన కవులను తలచుకోక తప్పదు. దండి రచించిన 'దశకుమారచరిత్ర'లో మంత్రగుప్తుడు తన కథ చెప్పవలసి వస్తుంది. ప్రణయవేళ అతని పెదవికి గాయమైంది. అందువల్ల పెదవులు కలిస్తేనే పలికే ప, ఫ, బ, భ, మ అనే అక్షరాలు ఒక్కటీ రాకుండా కథంతా నడిపిస్తాడు. ఈ నియమం మంత్రగుప్తునికి నొప్పివల్ల కలిగింది. దండికి మాత్రం ఎవరూ విధించలేదు. కథకు ఒక గాయాన్ని కల్పించి మరీ ఆయన ఆ గీతను తన చుట్టూ గీసుకొన్నాడు. తిక్కన 'నిర్వచనోత్తర రామాయణం'లో వచనమే వ్రాయకుండా కావ్యమంతా పద్యాలతో నడిపాడు. ఆ తిక్కనే భారతానికి వచ్చేసరికి ఆ నియమాన్ని ప్రక్కన పెట్టి, పద్యంతోపాటు గద్యాన్నీ ఆదరించాడు. నియమం పట్టడమూ, విడవడమూ రెండూ ఆయన వశంలోనే ఉన్నాయి. నియమబద్ధ రచనలను వట్టి గారడీగా కొట్టివేసే విమర్శకులు ఈ సంగతిని తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం. దారి మూసుకొన్నప్పుడే బుద్ధి ప్రక్కదారి వెదుకుతుంది. ఎన్నడూ వాడని మాట ఒకటి అప్పుడే చేతికి తగులుతుంది.

అవధానంలోనూ నిషిద్ధాక్షరి ఉంది. అయితే అక్కడ అక్షరాన్ని నిషేధించేవాడు పృచ్ఛకుడు, చూసేది సభ. తప్పితే నలుగురిలో తలవంపు, నెగ్గితే చప్పట్లు. ఒంటరిగా కంప్యూటర్ ముందు కూర్చొన్న యువతికి సభ లేదు, పృచ్ఛకుడు లేడు. ఆమె పెంచిన వంశంలో అయిదో తరం బిల్లులు కట్టలేక వీణో సోఫానో అమ్ముకొనే స్థితికి వచ్చింది. ఒక్క మాట టైపు చేస్తే కష్టం తీరుతుంది, ఎవరికీ తెలియదు. అయినా ఆమె చేయి ఆ మాటవైపు పోదు. పరీక్ష గదిలో కాపలా అధికారి ఉన్నాడు కాబట్టి మనం చూచి వ్రాయము. అది నిజాయితీయో భయమో తేల్చడం కష్టం. ఈమె విషయంలో ఆ సందేహానికి చోటు లేదు. బడిగంట మొదలు ర్యాంకుల జాబితా దాకా ఇతరులు చేసిన నిబంధనల మధ్య పెరిగే వయసులో, ఒక శాసనం తానే చేసి తానే పాటించే అవకాశం ఎక్కడ దొరుకుతుంది? అది ఆటలో దొరికినంత మాత్రాన చులకన కాదు.

శాసనం చేసేవారికి ఒక చిక్కు కూడా వచ్చిపడుతుంది. వంశనియమంలో తరువాతి వారసులు ఎవరన్నది ముందే నిర్ణయించుకోవాలి. మగబిడ్డకేనా, ఆడబిడ్డకేనా, ఇద్దరికీ సమానమా? రక్తసంబంధం ఉండి తీరాలా, దత్తత వచ్చినవారు కూడా అర్హులా? జ్యేష్ఠులా, కనిష్ఠులా, యోగ్యులా? ఇటువంటి వికల్పాలను ఆటగాళ్లే వివరంగా వ్రాసిపెట్టుకొన్నారు. యయాతి తన ముసలితనాన్ని స్వీకరించిన చిన్న కుమారుడు పూరునికి రాజ్యం కట్టబెట్టినప్పుడు, పెద్దవాడైన యదువు ఉండగా ఇదేమి న్యాయమని ప్రజలు అడిగినట్లు భారతం చెబుతుంది. ఆ ప్రశ్న ఇప్పటికీ చల్లారలేదు. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కు కల్పించే చట్టసవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1986లో, దేశమంతటా 2005లో వచ్చింది. చట్టం వచ్చిన తరువాత కూడా ఇళ్లలో ఏమి జరుగుతున్నదో మీకు తెలుసు. ఆట కోసమే అయినా, 'మగబిడ్డకే' అన్నచోట గుర్తు పెట్టే ముందు చేయి ఒక్క క్షణం ఆగితే, ఆ క్షణం వృథా పోలేదని అంటాను.

ఇక లోకనిర్మాణం. త్రిశంకుని కోసం విశ్వామిత్రుడు నక్షత్రాలతో సహా వేరొక స్వర్గాన్ని సృష్టించబూనాడు. ఆ పట్టుదల వీరిలోనూ కనిపిస్తుంది. 'సిమ్స్ 3' కోసం 2009 డిసెంబరులో 'క్రియేట్ ఎ వరల్డ్' అనే ఉచిత సాధనం వచ్చింది. దానితో కొండలు లేపి, నదులకు దారి తీసి, వీధులు వేసి ఊళ్లకు ఊళ్లు కట్టారు. 2014లో వచ్చిన 'సిమ్స్ 4'లో ఆ వెసులుబాటు లేదు. సంస్థ ఇచ్చిన ఊళ్లే గతి. అయినా వారు ఊరుకోలేదు. ఇచ్చిన ఊరిలో ఒక్కొక్క ఇంటినీ పడగొట్టి మళ్లీ కట్టి, అందులో ఉండేవారికి వృత్తి, చుట్టరికం, పాత పగ కల్పించి, వేలు గంటలు ధారపోసిన ఊరిని ఇతరులకు పంచిపెడుతున్నారు. సంస్థ కూడా ఈ ధోరణిని కనిపెట్టి 2021లో తానే కొన్ని సవాళ్లను తయారుచేసి ఆటలో చేర్చింది. 2022 అక్టోబరునుండి మూలభాగం ఉచితం. అదనపు భాగాలు మాత్రం కొనుక్కోవాలి. కొత్త ఊరు, కొత్త సోఫా, కొత్త వృత్తి అంటూ ఆ అంగడికి అంతులేదు. ఉన్నదానితోనే ఆడతాను, ఏదీ కొనను అని నియమం పెట్టుకొన్నవారే నాకు వీరిలో అందరికంటె నచ్చుతారు.

అయితే ఒక ఆక్షేపణను దాటవేయరాదు. బీదరికాన్ని సవాలుగా స్వీకరించడం ఏమిటి? ఎంచుకొన్న పేదరికం ఉపవాసం వంటిది. పస్తు వంటిది కాదు. ఉపవాసం ఉన్నవారికి సాయంత్రం పలహారం ఉన్నదని తెలుసు. పస్తున్నవారికి ఆ ధీమా లేదు. తెరమీద రిక్తహస్తాలతో మొదలుపెట్టి పది రోజులలో మేడ కట్టినవారు, శ్రమిస్తే ఎవరైనా పైకి వస్తారని, రానివారిది సోమరితనమని అనుకొనే ప్రమాదం ఉంది. ఆటలో ఉద్యోగం అడిగినప్పుడల్లా దొరుకుతుంది. కులం అడ్డురాదు, వడ్డీవ్యాపారి రాడు, వాన తప్పదు. ఆ లెక్కతో మన పల్లెలను కొలవబోతే తప్పుడు జవాబే వస్తుంది.

ఈ ఆక్షేపణకు పూర్తి సమాధానం నా వద్ద లేదు. కానీ 2009లో ఇంగ్లండులో ఆటల రూపకల్పన చదువుతున్న ఒక విద్యార్థి చేసిన ప్రయోగం ఉంది. 'సిమ్స్ 3'లో ఇల్లూవాకిలీ లేని తండ్రీకూతుళ్లను సృష్టించి, ఉద్యానవనంలా తీర్చిన స్థలంలో బల్లలమీద పడుకోబెట్టి, వారికి జరిగినదాన్ని చిత్రాలతో 'ఆలిస్ అండ్ కెవ్' అనే కథగా వెలువరించాడు. తండ్రి కెవ్ ముక్కోపి, పిల్లలంటే గిట్టనివాడు. కూతురు ఆలిస్‌ది మంచి మనసు, తనమీద తనకు నమ్మకం తక్కువ. ఇల్లు లేదు కాబట్టి నిద్ర చాలదు. నిద్ర లేదు కాబట్టి బడిలో తూగుతుంది. ఆకలివేస్తే ఇతరుల ఇళ్లలో తినాలి. శ్రమిస్తే చాలునన్న మాట అక్కడ పనికిరాలేదు. చివరకు ఆ పిల్లకు దుకాణంలో చిన్న పని దొరికింది. అలసిపోయి తొలి జీతం చేతపట్టుకొన్న సమయంలో, ఆమె మనసులో ఒక కోరిక తెరమీద మెరిసింది. ఆ కోరిక ఆట పుట్టించినది. ఆడేవారు తీర్చవచ్చు, తీర్చకపోవచ్చు. తీర్చారు. ఆలిస్ ఆ డబ్బునంతా కవరులో పెట్టి, ఒక ధర్మసంస్థకు పంపివేసింది.