తల్లి చేతి ధనము – బిడ్డ చదువు

2025వ సంవత్సరము జూన్ మాసమున నొక తల్లి మా కార్యాలయమునకు వచ్చినది. నాలుగిండ్లలో పాచిపని చేసికొని బ్రతుకునది, ఇద్దఱు బిడ్డలు. ‘తల్లికి వందనం’ జాబితాలో నామె పేరు లేదు. విచారింపగా, ఆమె గృహమున నెలకు 300 యూనిట్లకు మించిన విద్యుత్తు వ్యయమగుచున్నదని కారణము తేలినది. ఆమె యింట నున్నవి రెండు దీపములు, ఒక పంకా. ఆ దొడ్డిలోని మూడు కాపురములకును మీటరొక్కటే. అది యెట్లో యామె యాధారు సంఖ్యకు ముడివడినది. “కోర్టులో వేసికొందునా, బాబూ?” యని యడిగినది.

ఇరువది యేండ్లుగా న్యాయవాదవృత్తిలో నున్న మాకు సూటియగు సమాధానము తోచలేదు. హైకోర్టున రిట్టు వేయవచ్చును. పదుమూడువేల రూపాయల కొఱకు పాచిపని చేయు స్త్రీ యమరావతికి తిరుగుట యెట్లు? తిరిగినను, ఆమె చూపదగిన చట్టమేది? ఉన్నది ప్రభుత్వోత్తరువు మాత్రమే. ఉత్తరువు నిచ్చిన చేయి దానిని మార్పనుగలదు, ఆపనుగలదు.

పేదలకు నగదు పంచుట సోమరితనమును బెంచునని పట్టణములలో విద్యావంతులే పలుకుచుండుట వినుచున్నాము. వీ రొక లెక్కను మఱచుచున్నారు. పేదయింటి బిడ్డ బడికి పోవుటవలన నా యింటికి కలుగునది వ్యయము మాత్రమే కాదు, కూలి నష్టము. పుస్తకములు, దుస్తులు, భోజనము ఉచితముగ నిచ్చినను, చంటిపాపను చూచుకొనుచు తల్లిని కూలికి పంపు పదుమూడేండ్ల బాలిక పని వెల నెవ్వరిత్తురు? మెక్సికో దేశమువారు 1997లో ‘ప్రోగ్రెసా’ యను పథకము నారంభించినపు డీ లెక్కనే ముందుంచుకొనిరి. బిడ్డ యెదిగినకొలది కూలియు పెరుగును గనుక, తరగతి పెరిగినకొలది సొమ్ము పెంచిరి. మాధ్యమిక తరగతులలో బాలికలకు బాలురకంటె నెక్కువ నిచ్చిరి. రెండేసి నెలల కొకమారు తల్లి చేతికే యిచ్చిరి. పల్లెలలో మాధ్యమిక పాఠశాలలలో చేరువారి సంఖ్య, అందును బాలికల సంఖ్య, పెరిగినదని పరిశీలకులు నిర్ధారించిరి. సోమరులను పెంచిన పథకమునకు కలుగు ఫలము కాదిది.

మన యాంధ్రప్రదేశమున ‘అమ్మఒడి’ 2020 జనవరి 9వ తేదీన చిత్తూరున నారంభమైనది. ఏటికి 15,000 రూపాయలు. బిడ్డ లెందఱున్నను తల్లి కొక్కటే మొత్తము. 2025లో వచ్చిన ‘తల్లికి వందనం’ ప్రతి బిడ్డకును 15,000 అన్నది. ఇది న్యాయమైన సవరణ. ఎవరు చేసినను మెచ్చుకొనవలసినదే. కాని యొకటవ తరగతి శిశువునకును, ఇంటర్మీడియెట్ చదువు కన్యకును సొమ్ము సమానముగనే యున్నది. పసిబిడ్డను బడి మాన్పించువా రరుదు. ఎనిమిదవ తరగతి దాటిన పిల్లకు సంబంధములు వచ్చుచుండును, కూలియు పిలుచుచుండును. అక్కడనే సొమ్ము చాలకున్నది.

ఇక కాలనియమము చూడుడు. మొదటి రెండు మారులు జనవరిలో నిచ్చిరి. ఆవల 2022 జూన్ వఱకు లేదు. 2023 జూన్ నెలాఖరున నొకమారు. తరువాత రెండేండ్లు ఒక పైసయు లేదు. నడుమ నెన్నికలు వచ్చినవి, ప్రభుత్వము మారినది, పథకము పేరు మారినది. 2023లో నెనిమిదవ తరగతి ముగించిన బాలిక 2025 నాటికి పదవ తరగతి ముగించి యుండవలెను, లేదా మిరపతోటకు పోయి యుండవలెను. ఆమె వయస్సు మంత్రివర్గ నిర్ణయము కొఱకు నిలిచియుండదు.

ఇచ్చిన దానిలోనైనను కోత లేకపోలేదు. 2021లో మరుగుదొడ్ల నిర్వహణమునకని 1,000 రూపాయలు తగ్గించిరి. తరువాత నది 2,000 అయినది. పేరు మారిన పథకమునను పాఠశాలల యభివృద్ధికని 2,000 మినహాయించిరి. బడిలో మరుగుదొడ్డి శుభ్రము చేయించుట ప్రభుత్వమువారి ధర్మమని మే మనుకొనుచుంటిమి. పాచిపని చేయు తల్లిచేత దానిని గూడ చేయించుట చమత్కారముగనే యున్నది! మిగిలిన 13,000 దినమునకు 36 రూపాయలైనను కావు: పట్టణపు హోటలులో రెండు కాఫీల వెల.

హాజరు 75 శాతముండవలెనను నియమము మఱియొకటి. దీనిని మేము తృణీకరింపము. ఆఫ్రికాలోని మలావీ దేశమున, జోంబా జిల్లాలో, 2008, 2009 సంవత్సరములలో బాలికలపై జరిపిన పరీక్షలో, హాజరు నియమముతో సొమ్మిచ్చినచోట చదువు బాగుపడినది. కాని నియమము లేక యిచ్చినచోట, బడి మానిన బాలికలలో చిన్ననాటి పెండ్లిండ్లును గర్భములును తగ్గినవి. నియమము చదువువారిని చదివించును; జారిపోయినవారిని వదలివేయును. కర్నూలు జిల్లా పడమటి భాగమున, ఆదోని, కోసిగి ప్రాంతములనుండి, వానలు లేనియేడు కుటుంబములకు కుటుంబములు పత్తితీతకు, మిరపకోతకు గుంటూరు వైపునకును తెలంగాణమునకును తరలిపోవును. స్వచ్ఛందసేవకులముగ నా పల్లెలు తిరిగినపుడు తాళములు వేసిన యిండ్లు వీథికి వీథి చూచితిమి. ఆ బిడ్డల హాజరు తగ్గుట తల్లుల యలక్ష్యముచేతనా? మిక్కిలి యవసరమున్నవారినే యీ నియమము మొదట తొలగించుచున్నది. వలసపోయినచోట బిడ్డ చదివిన దినములను గూడ లెక్కించుట కష్టమా?

మేము కోరునది దానము కాదు, శాసనము. 2001 నవంబరు 28వ తేదీన సుప్రీముకోర్టువారు ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలలో వండిన భోజనము పెట్టవలెనని యుత్తరువిచ్చిరి. 2013 జాతీయ ఆహారభద్రతా చట్టపు 5వ సెక్షనులో నది హక్కుగ చేరినది. నాటినుండి ఏ ముఖ్యమంత్రియు “ఈ యేడు బడిలో నన్నము లేదు” అనజాలడు. చదువు సొమ్మునకును అట్టి చట్టమే కావలెను. తరగతినిబట్టి మొత్తము, జూన్‌లో బడి తెఱచులోపల చెల్లింపు, పేరు తొలగించినచో కారణము వ్రాతమూలకముగ తెలుపుట, ముప్పది దినములలో అప్పీలు తీర్చు నధికారి: ఈ నాలుగు సెక్షనులు చాలును. బొక్కసము చాలదందురేని, ఆ మాట శాసనసభలో, పద్దులు ముందుంచి చెప్పవలెను; జాబితాలోని పేళ్లను చీకటిలో కొట్టివేయరాదు.

ఆ తల్లికి మీటరు విషయమై యొక దరఖాస్తు వ్రాసి యిచ్చితిమి. ఆమె కూతురప్పుడు తొమ్మిదవ తరగతిలో చేరినది. దసరా సెలవులకు ముందొకమారు, సంక్రాంతికి ముందొకమారు వచ్చి, జాబు రాలేదని చెప్పిపోయినది. రెండవమారు వచ్చినపుడు కూతురును వెంటబెట్టుకొని వచ్చినది. ఆనాడు బడి యున్న దినమే.