ఇంట్లో చేసిందా? అయితే ఊరికే పంపెయ్!

మా చెల్లెలి కూతురు తన ముగ్గురు స్నేహితులతో కలిసి ఎనిమిది పాటలు కట్టి, మేడమీద గదిలోనే రికార్డు చేసి, ఆల్బమ్‌గా విడుదల చేసింది. కిటికీలకి రజాయిలు వేలాడదీసి, ఫ్యాను ఆపేసి, ఏప్రిల్ నెలలో చెమటలు కక్కుతూ పాడారు పిల్లలు. కింద కుక్కరు కూత వేసిందంటే పాట మళ్లీ మొదటికొచ్చేది. పాపం మా చెల్లెలు ఆ రెండు నెలలూ పోపు పెట్టాలన్నా పైకి కబురంపి అనుమతి తెచ్చుకుందంటే నమ్మండి.

ఇంతా అయ్యాక, ఓ పెళ్లిలో నలుగురు చేరినచోట ఈ సంగతి చెప్పాను. మొదటి ప్రశ్న, "ఏ సినిమాలో?" రెండోది, "ఏ కంపెనీ వేసింది?" ఎవరూ వెయ్యలేదు, వాళ్లే చేసుకున్నారు అనేసరికి, "ఓహో, ఇంట్లోనా!" అని ఒక పెదవి విరుపు. ఆ వెనకే, "అయితే ఫోనుకి పంపెయ్, తీరికున్నప్పుడు వింటాం."

నాకు ఒళ్లు మండింది. అవునండీ, ఆవకాయ సీసా మీద "ఇంట్లో పెట్టినది" అని చీటీ కనిపిస్తే నాలుగు డబ్బులు ఎక్కువిచ్చి మరీ కొంటామే! సున్నుండలకీ అంతే, జంతికలకీ అంతే. మరి అదే "ఇంట్లో" అన్నమాట పాట దగ్గరకొచ్చేసరికి చులకన ఎందుకయింది?

అమెరికాలో విస్కాన్సిన్ అని మంచుకి పేరుబడ్డ రాష్ట్రం ఒకటుంది. అక్కడివాడు జస్టిన్ వెర్నన్. 2006లో అతని బృందం చెదిరిపోయింది, ప్రేమ చెడింది, పైగా కాలేయానికి జబ్బు. ఎక్కడికి పోతాడు? వేటకి వెళ్లినప్పుడు తలదాచుకునేందుకు తండ్రి కట్టుకున్న అడవి ఇంటికి పోయాడు. చలికాలం మూడు నెలలు ఒంటరిగా ఉండి, తను కొట్టిన జింక మాంసం తింటూ (మనలో చాలామందికి గిట్టకపోవచ్చు, ఏం చేస్తాం!), ఒక మామూలు మైకు, పాత గిటారు, కంప్యూటరూ పెట్టుకుని పాడాడు. తన గొంతుమీద తన గొంతే పొరలు పొరలుగా వేసుకుంటూ పోయాడు. కంపెనీలకి వినిపించే నమూనాలనుకున్నాడు వాటిని. చివరికి 2007లో తనే 500 సీడీలు వేయించాడు. "బాన్ ఐవర్" అని పెట్టుకున్న పేరుతో వచ్చిన ఆ తొలి ఆల్బమ్ "ఫర్ ఎమ్మా, ఫరెవర్ ఎగో". చేతులు మారి మారి విన్నవాళ్లంతా మెచ్చుకున్నాక, 2008లో జాగ్‌జాగువార్ అనే చిన్న కంపెనీ తీసుకుంది. 2012లో గ్రామీవారు "ఉత్తమ నూతన కళాకారుడు" బహుమతిచ్చారు. అయిదేళ్ల తర్వాత నూతనమట!

బిల్లీ ఐలిష్ సంగతి మీ పిల్లల్నడగండి, చెబుతారు. 2015లో పదమూడేళ్ల వయసులో, ఇంట్లో చేసిన పాటని అన్నతో కలిసి నలుగురికీ వినిపించింది. 2019లో తొలి ఆల్బమ్ నాటికి వెనక పెద్ద కంపెనీ ఉన్నమాట నిజమే. పాడింది మాత్రం అన్న పడకగదిలోనే. 2020 జనవరిలో అయిదు గ్రామీలు వచ్చాయి.

"కోటికొకళ్లు వాళ్లు, మనవాళ్లకి అంత ఉందా?" అంటారు. లేకపోవచ్చు. గదిలో పాడినవన్నీ గొప్పవని నేననను. మా పిల్ల మూడో పాట సాగుతుంది, ఆ మాట దాని మొహానే చెప్పాను. "పెద్దమ్మా, నువ్వొక్కదానివే మూడోదాకా విన్నావు" అంది. అదీ నా ఏడుపు! బాగులేదనే హక్కు విన్నవాళ్లది. వినకుండా "ఇంట్లోనా" అనేవాళ్లది కాదు.

ఇక ఆ "పంపెయ్" సంగతి. స్పాటిఫైలో 2024 నుంచి ఒక నిబంధన ఉంది. వెనకటి పన్నెండు నెలల్లో కనీసం వెయ్యిసార్లు వినబడని పాటకి రికార్డింగు తాలూకు డబ్బు రాదు. వెయ్యంటే ఎంతండీ? పెళ్లిలో పంక్తికి కూర్చున్నవాళ్లం తలా నాలుగుసార్లు వింటే వచ్చేస్తుంది. కానీ మనం చేసేదేమిటి? పాట తెప్పించుకుని, అక్కయ్యకి, వదినకి, అపార్ట్‌మెంటు గ్రూపుకి తోసేస్తాం, పిల్లకి సాయం చేసినట్టు! అలా విన్నది వందసార్లయినా ఎవరి లెక్కలోకీ రాదు. పాట ఉన్నచోటికి వెళ్లి వింటే అదొకటి లెక్క. బ్యాండ్‌క్యాంప్ లాంటిచోట కొంటే మరీ మంచిది, అమ్మకంలో వాళ్లు పట్టుకునేది 15 శాతం, చెల్లింపు ఖర్చు పోగా మిగతాది పాడినవాళ్లకే. ఒక కాఫీ ఖరీదుకి గీచి గీచి ఆలోచిస్తాం మనం. అదే పెళ్లిలో డీజేకి ఎంతిచ్చారో అడిగితే వియ్యపురాలు గర్వంగా చెప్పింది.

మరో ఆవిడ మా చెల్లెల్ని పక్కకి పిలిచి, "ఆడపిల్ల, మగపిల్లలతో గదిలో రెండు నెలలేమిటి?" అందిట. దానికి జవాబు రాయడం కూడా నాకు దండగ. కింద పోపు పెట్టకుండా కూర్చున్న తల్లి ఉంది చూశారా, ఆవిడే జవాబు.

"ఫోనుకి పంపెయ్" అన్నావిడకి నేను పాట పంపలేదు. ఎక్కడ దొరుకుతుందో చెప్పాను, ఎలా కొనాలో రాసి కూడా ఇచ్చాను. మూడు వారాలయింది. ఇంకా కొనలేదు. కనిపించినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను.