కాలికి కట్టుంటే టూరు మానుకోవాలా?



పరీక్షలు ముగిసి బడులకు సెలవులిచ్చారంటే మా నాయుడుపేట వైపు పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒకటే పోరు. "నాయనా, ఈసారన్నా మెడ్రాసు పార్కుకు తీసకపో!" ఆ పట్టణం పేరు 1996లో చెన్నైగా మారినా మా వైపు పెద్దల నోట అది ఇంకా మెడ్రాసే. హైవే ఎక్కి సూళ్ళూరుపేట, తడ దాటితే తమిళనాడు వచ్చేస్తుంది. తెల్లవారుజామున వ్యాను మాట్లాడుకొని బయలుదేరితే రాత్రికి మళ్ళీ ఇల్లు చేరవచ్చు. సముద్రపు ఒడ్డు రోడ్డులో వీజీపీ, ముట్టుకాడు దగ్గర ఎమ్జీఎమ్, బెంగళూరు రోడ్డు మీద క్వీన్స్‌ల్యాండ్ మా ప్రాంతంవారికి ఎప్పటినుంచో తెలిసిన పేర్లే. వీజీపీలో కదలక మెదలక నిలబడే శిలామనిషిని నవ్వించాలని ప్రయత్నించి ఓడిపోయినవారు మన తరంలో ఎందరో! 2025 డిసెంబరులో తిరుప్పోరూరు వైపు వండర్లా కూడా తెరిచారు.

టూరు ఖాయమవుతుంది, వ్యానుకు అడ్వాన్సు ఇచ్చేస్తారు. సరిగ్గా అప్పుడే ఇంట్లో ఒకరికి కాలు విరుగుతుంది. బైకు మీదనుంచి పడిన కొడుకు కావచ్చు, స్నానాల గదిలో జారిన అత్తగారు కావచ్చు. ఇక ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. "వాడిని ఇంట్లో ఉంచి మనం పోయొద్దాం" అని ఒకరు, "అందరం మానుకుందాం" అని ఇంకొకరు. మొదటి మాటతో కట్టు కట్టించుకున్నవాడి మనసు చిన్నబోతుంది. రెండవ మాటతో, తనవల్లనే పిల్లల సరదా పాడైందని వాడు మరింత కుమిలిపోతాడు. ఈ సంగతి మీద మమ్మల్ని సలహా అడిగిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మేము చెప్పేది మూడవ మాట: డాక్టరు ఒప్పుకుంటే వెంట తీసుకొని వెళ్ళండి. అయితే ఆ రోజు నడకను ఆ కాలికి తగినట్టు మార్చుకోండి.

ముందుగా కాలి సంగతి

పిండికట్టు వేసిన మొదటి రెండు మూడు రోజులు వాపు ఎక్కువగా ఉంటుంది. ఆ రోజుల్లో ప్రయాణం తలపెట్టవద్దు. తరువాత కూడా కాలు వ్రేలాడదీసి గంటల తరబడి కూర్చుంటే వాపు వస్తుంది. కనుక వ్యానులో వెనుక సీటు మొత్తం వారికే ఇచ్చి, కాలి క్రింద దిండ్లు పెట్టి, కాలు ఎత్తుగా ఉండేటట్లు చూడాలి. కాలివేళ్ళు చల్లబడినా, నీలంగా మారినా, మొద్దుబారినా, నొప్పి తగ్గవలసింది పోయి పెరుగుతున్నా పార్కు మాట మరచి ఆసుపత్రికి వెళ్ళాలి. పిక్కలో కొత్తగా నొప్పి పుట్టి వాపు వచ్చినా, ఊపిరి ఆడనట్టు ఉన్నా క్షణం ఆలస్యం చేయరాదు. కదలకుండా ఉన్న కాలిలో నెత్తురు గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది.

ఎముక విరిగితే మా ప్రాంతంలో చాలామంది శ్రీకాళహస్తి మీదుగా పుత్తూరు వెళ్ళి, అక్కడి పేరుపడ్డ కట్టు కట్టించుకొని వస్తారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలతో కట్టే ఆ కట్టు గాని, ఆసుపత్రిలో వేసే పిండికట్టు గాని నీరు తగిలితే మెత్తబడుతుంది, వదులవుతుంది. ఫైబరు కట్టు పైకి తడవనట్టే ఉంటుంది. కాని లోపలి దూది తడిస్తే తొందరగా ఆరదు. చర్మం నాని, దురద పుట్టి, పుండు పడుతుంది. కాబట్టి ఏ కట్టు అయినా నీటి ఆటల దగ్గరకు పోరాదు. ప్లాస్టిక్ సంచి కట్టుకొని దిగుతామనేవారిని కూడా వారించండి.

ఎక్కనివ్వరేమి?

"సొమ్ము కట్టి లోపలికి పోయినాక ఒక్క ఆటయినా ఎక్కనివ్వరేమి?" అని కొందరు పార్కు పనివారితో గొడవ పడతారు. ఆ పనివారి మీద కోపపడి ప్రయోజనం లేదు. రోలర్ కోస్టరు వేగంగా దిగి మలుపు తిరిగేటప్పుడు మన శరీరం మీద మన బరువుకు మూడు, నాలుగింతల ఒత్తిడి పడవచ్చు. గట్టి కట్టుతో బరువెక్కిన కాలు ఆ ఊపుకు ఎటు కొట్టుకుంటుందో చెప్పలేము. అంతకంటె ముఖ్యమైన కారణం ఒకటుంది. కరెంటు పోయి ఆ బండి పైన ఆగిపోతే, ఎక్కినవారంతా సన్నని మెట్ల మీదుగా తమ కాళ్ళతో నడిచి దిగవలసి వస్తుంది. కట్టు కాలితో అది ఎలా సాధ్యం? అందుకే ఇటువంటి పార్కులు చాలావాటిలో కట్టు ఉన్నవారిని పెద్ద ఆటలు ఎక్కనివ్వరు. ఈ సంగతి పిల్లవాడికి ఇంట్లోనే చెప్పండి. క్యూలో గంట నిలబడి, చివర గేటు దగ్గర వెనక్కి పంపించబడటం కంటె అది మేలు.

బయలుదేరే ముందు పార్కుకు ఫోను చేసి నాలుగు సంగతులు అడగండి. చక్రాల కుర్చీ ఇస్తారా? దానికి డిపాజిట్ ఎంత? లోపల మెట్లు ఎన్ని చోట్ల ఉన్నాయి, ప్రక్కన వాలుబాట ఉందా? చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి ఉందా? ఈ నాలుగవ ప్రశ్న అడగడానికి మనవారు మొగమాటపడతారు. దాని జవాబు తెలియకనే చాలామంది రోజంతా మంచినీళ్ళు త్రాగకుండా ఎండలో కూర్చుంటారు.

చంకకర్రలు పెట్టుకొనేవారు ఇంటి వరండాలో నాలుగు రోజులు సాధన చేయాలి. చంకకు, కర్ర పైభాగానికి మధ్య రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి. బరువు అరచేతుల మీద మోపాలి. చంకల మీద మోపితే నరం నొక్కుకొని చేయి తిమ్మిరెక్కుతుంది. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రలూ దెబ్బ కాలూ ముందు. తడిసిన గచ్చు మీద కర్రలు జారతాయి. పార్కులో సగం నేల తడిగానే ఉంటుంది గనుక అక్కడ చక్రాల కుర్చీయే క్షేమం.

చెట్టు క్రింది బెంచీ

మూడేళ్ళ క్రిందట వేసవిలో మా కుడికాలి చీలమండ ఎముక చిట్లి పిండికట్టు పడింది. సండే స్కూలు పిల్లల టూరు అప్పటికే ఖాయమైంది. "వెళ్ళండి, కాని కాలు క్రింద మోపవద్దు" అని డాక్టరు గారు చెప్పగా పిల్లలతో మేమూ బస్సెక్కాము. గేటు దగ్గర చక్రాల కుర్చీ దొరికింది. కాని లోపల ఒక చిన్న వంతెనకు మెట్లే ఉన్నాయి, వాలుబాట లేదు. నలుగురు యవ్వనస్థులు కుర్చీతో సహా మమ్మల్ని ఎత్తి ఆవల దించారు. మంచముతో మోయబడిన పక్షవాయువు గలవాని కథ ఎన్నోసార్లు విన్న పిల్లలు అది చూసి చప్పట్లు కొట్టారు. మోయబడేవాడికి ఆ క్షణం ఎలా ఉంటుందో మాకు ఆ రోజే తెలిసింది. పడిపోతామేమోనన్న భయం, అందరూ చూస్తున్నారన్న సిగ్గు, మోసేవారి మీద ప్రేమ, మూడూ ఒకేసారి కలిగాయి.

తరువాత ఒక చెట్టు క్రింద బెంచీ మీద కాలు చాపుకొని కూర్చున్నాము. కాసేపటికి ఆ బెంచీ నిండింది. మోకాళ్ళ నొప్పుల అవ్వ, నిండు నెలల కోడలు, గుండె ఆపరేషను చేయించుకున్న ఒక పెద్దాయన. మా అందరికీ అప్పగించబడిన పని ఒక్కటే, సామాన్ల కాపలా. "అయ్యా, ఈ బ్యాగు కూడా కొంచెం చూసుకోండి" అంటూ చెప్పులు, తువ్వాళ్ళు, సెల్‌ఫోన్లు, పులిహోర డబ్బాలు తెచ్చి పెట్టారు. మధ్యాహ్నానికి లెక్కిస్తే పదిహేడు బ్యాగులున్నాయి!

అయితే ఒక సంగతి గమనించాము. ప్రతి ఆట దిగగానే పిల్లలు పరుగెత్తుకొని మా దగ్గరకే వచ్చేవారు. ఎంత ఎత్తుకు పోయింది, ఎవడు ఏడ్చాడు, ఎవరి చెప్పు ఊడిపోయింది, అన్నీ చెప్పి మళ్ళీ పరుగు. వచ్చి చెప్పుకోవడానికి ఒక మనిషి అక్కడ కూర్చొని ఉండటం వారికి సగం సంబరం. కట్టు కాలితో వచ్చినవారు టూరులో ఉత్త బరువని ఎవరైనా అంటే మేము ఒప్పుకోము.

తాళాలు ఎవరి దగ్గర?

ఆరు వారాలకు మా కట్టు విప్పారు. ఆ బెంచీ మీదనుంచి మేము లేచి వచ్చేశాము. లేచి రాలేనివారి మాటేమిటి?

మా వీధిలో కుట్టుమిషను పెట్టుకొన్న ఒక సహోదరుడున్నారు. చిన్ననాడు పోలియో సోకి ఒక కాలు సన్నబడిపోయింది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది. 2014 మార్చి 27న మన ప్రాంతాన్ని పోలియో లేనిదిగా ప్రకటించారు. ఆ జబ్బు పోయింది గాని ఆనాడు దాని వాత పడిన పిల్లలు మన మధ్యనే ఉన్నారు. వారికిప్పుడు నలభై, యాభై ఏళ్ళు. మేము కట్టుతో ఉన్నప్పుడు ఆయన చూడవచ్చి నవ్వుతూ ఒక మాట అన్నారు.

"అయ్యగారూ, మీకు ఆరు వారాలేనంట గదా! నాకు యాభై ఏండ్లాయె. ఈ వీధిలో ఎవురు టూరు పోయినా ఇంటి తాళాలు నా కాడ పెట్టి పోతారు. నేను యాడికీ పోనని అందురికీ తెలుసు."

"ఎవరైనా పిలిస్తే వచ్చేవారా?" అని అడిగాము.

"పిలిచినోళ్ళు ఎవురయ్యా?" అన్నారు. ఆ నవ్వు మాత్రం తగ్గలేదు.

ప్రియులారా, తాళాలు ఇచ్చినవారెవరూ చెడ్డవారు కారు. ఆయన మీద నమ్మకం ఉండబట్టే ఇచ్చారు. ఆయనకూ ఒక టూరు కావాలేమోనన్న ఆలోచన మాత్రం ఎవరికీ తట్టలేదు. ఆ మరుసటి వేసవిలో పిల్లల టూరుకు ఆయన కూడా వచ్చారు. బొమ్మరైలు రెండుసార్లు ఎక్కారు. జెయింట్ వీల్ క్రింద నిలబడి, మోటారు నుంచి చక్రానికి ఊపు ఎలా అందుతుందో పిల్లలకు అరగంట వివరించారు. ఆ రోజు మా వీధిలో పెళ్ళికి బయలుదేరిన ఒక కుటుంబం తాళం ఎవరికివ్వాలో తోచక చాలాసేపు వాకిట్లోనే నిలబడ్డారట!

వికలాంగుల హక్కుల కోసం 1995లో ఒక చట్టం వచ్చింది. దాని స్థానంలో 2016లో మరింత విరివైన చట్టం తెచ్చి, గుర్తించే వైకల్యాలను 7 నుంచి 21కి పెంచారు. ప్రజలు వచ్చిపోయే కట్టడాలలో వారికి దారి ఉండాలని ఆ చట్టం చెబుతోంది. ఆరు వారాల కట్టువారికి ఆ చట్టం క్రింద సర్టిఫికెట్టు రాదు, రైలు టిక్కెట్టులో రాయితీ రాదు. కాని శాశ్వతంగా నడవలేనివారి కోసం కట్టిన వాలుబాట మీదుగా వీరి కుర్చీ కూడా సాఫీగా వెళ్తుంది. అమెరికాలోని శాన్ ఆంటోనియో నగరంలో గోర్డన్ హార్ట్‌మన్ అనే తండ్రి, వైకల్యం గల తన కుమార్తె మోర్గాన్ పేరుతో 2010లో ఒక పార్కు తెరిచారు. చక్రాల కుర్చీతోనే ఊగే ఊయల అందులో ఉంది. వైకల్యం గలవారికి ప్రవేశ రుసుము లేదు. 2017లో ప్రక్కనే నీటి ఆటల పార్కు కూడా కట్టి, తడిసినా పాడుకాకుండా గాలి ఒత్తిడితో నడిచే కుర్చీలు తెప్పించారు. అంతా ఒక తండ్రి తన బిడ్డను బెంచీ మీద వదలలేకపోయినందువల్ల జరిగింది.

మన వల్ల అంత కాకపోవచ్చు. ఇంత మాత్రం అవుతుంది. కట్టు విప్పిన తరువాత మన ఇళ్ళలో చంకకర్రలు అటక మీదకు చేరుతాయి. వాటిని దింపి, తుడిచి, అడుగు రబ్బరు అరిగితే మార్పించి మీ సంఘంలో ఇవ్వండి. మా సంఘంలో ఇప్పుడు రెండు జతల చంకకర్రలు, ఒక చక్రాల కుర్చీ ఉన్నాయి. ఏ మతంవారికైనా అడిగిన రోజే ఇస్తున్నాము. తిరిగి తెచ్చి ఇచ్చేటప్పుడు కట్టు విప్పిన కాలితో వారే నడిచి వస్తుంటే చూడటానికి సంతోషంగా ఉంటుంది.

ఈ వేసవిలో టూరుకు పేర్లు వ్రాసుకొనేటప్పుడు, మీ వీధిలో తాళాలు ఎవరి దగ్గర పెట్టి వెళ్తున్నారో ఒకసారి చూసుకోండి. వారి పేరు ముందు వ్రాయండి.