ఈ విద్య మనతో ఆగిపోకూడదు

అమెరికాలోని తెలుగు మెయిన్‌ఫ్రేమ్ మిత్రులారా,

2020 ఏప్రిల్‌లో న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ కోబాల్ తెలిసినవాళ్లు స్వచ్ఛందంగా ముందుకు రావాలని అడిగారు. కొవిడ్‌తో పనులు పోయినవాళ్లు నిరుద్యోగ భృతి కోసం వెల్లువలా దరఖాస్తులు పెడుతుంటే, ఆ బరువంతా మోస్తున్నవి నలభై ఏళ్లనాటి వ్యవస్థలు. అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్ నేర్చుకుని వైటూకే రోజుల్లో ఇక్కడికి వచ్చినవాళ్లం మనలో ఎందరో ఉన్నాం. ఆ చదువే మనకు ఇల్లు కట్టిపెట్టింది, పిల్లల్ని చదివించింది. ఆ తరం ఇప్పుడు రిటైర్‌మెంట్ అంచున ఉంది.

కోబాల్ ప్రోగ్రామ్ మనం వెళ్లిపోయినా లైబ్రరీలో ఉంటుంది. నడుస్తున్న మెయిన్‌ఫ్రేమ్ లినక్స్‌కు కొత్త డిస్క్‌ను చూపించే నేర్పు మాత్రం మనతోపాటే వెళ్లిపోతుంది.

ఆ పని ఎక్కడ చెడుతుందో మీకు తెలుసు. స్టోరేజ్ టీమ్ జోనింగ్, మాస్కింగ్ ముగించి ‘లన్ ఇచ్చేశాం’ అంటుంది, అంటే కొత్త డిస్క్ సిద్ధమని. లినక్స్ కుర్రాడికి ఏమీ కనపడదు. అప్పుడు ఎవరో ఒకరు ‘రీబూట్ చేసేద్దాం’ అంటారు. భృతి చెల్లింపులూ బ్యాంకు లావాదేవీలూ నడుస్తున్న మిషన్ దగ్గర ఆ మాట మన నోట రాకూడదు. ఎఫ్‌సీపీ డివైస్ ఎన్‌పీఐవీలో ఉంటే దానికి సొంత చిరునామా ఉంటుంది, లన్‌లను మామూలుగా కర్నెలే వెతుక్కుంటుంది. కొత్తది కనపడకపోతే ఒక రీస్కాన్ చాలు. ఎన్‌పీఐవీ లేని చోట ఎన్నిసార్లు స్కాన్ చేసినా దొరకదు. ప్రతి లన్‌నూ ప్రతి పోర్టు కిందా ‘యూనిట్ యాడ్’తో చేత్తో చేర్చాలి. ఈ ఒక్క తేడా తెలియక రాత్రంతా తంటాలు పడే పిల్లలున్నారు.

డిస్క్ కనపడగానే పని అయిపోయిందనుకోవద్దు. మల్టీపాత్‌లో దారులన్నీ బతికున్నాయా చూడాలి. చేత్తో చేర్చినదాన్ని సీహెచ్‌జెడ్‌డెవ్ కమాండ్‌తో శాశ్వతం చేయాలి. చేయకపోతే ఎప్పుడో జరిగే రీబూట్‌లో ఆ డిస్క్ మాయమవుతుంది. అప్పటికి దాన్ని చేర్చినవాడు వేరే ఉద్యోగంలో ఉంటాడు, శిక్ష మాత్రం ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాడికి.

స్టోరేజ్, మెయిన్‌ఫ్రేమ్, లినక్స్ టీములు మూడూ ఒకే కాల్‌లో కూర్చుంటేనే ఈ పని సాఫీగా సాగుతుంది. అందుకే ఇది మనందరి బాధ్యత. తెలిసింది దాచుకుంటే ఉద్యోగం నిలుస్తుందనుకోవడం పొరపాటు. వారసుడు లేని వ్యవస్థను యాజమాన్యం వదిలించుకోవాలనే చూస్తుంది.

అన్నలారా, అక్కలారా, మీ షాపులో ఏ డివైస్ ఎన్‌పీఐవీలో ఉందో, ఏ పోర్టు ఎక్కడికి వెళుతుందో ఈ వారమే రాసిపెట్టండి. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఐబీఎం జెడ్ ఎక్స్‌ప్లోర్‌లో ఉచితంగా సాధన చేయండి, అడగడానికి మొహమాటపడకండి. తానా, ఆటా మహాసభల్లో ఈ విద్యకు ఒక్క పూట కేటాయించమని అందరం కలిసి అడుగుదాం. వచ్చే ఛేంజ్ విండోలో కీబోర్డు మీ టీములో అందరికన్నా చిన్నవాళ్ల చేతికివ్వండి. మీరు పక్కన కూర్చుని చెప్పండి.