పదకొండో నిమిషంలో తాతయ్య

తాతయ్య గొంతు మా ఇంట్లో ఒకే ఒక్క చోట ఉంది. తెనాలిలో అమ్మమ్మ వాళ్లింట్లో, టీవీ కింద షోకేసులో, ఒక డీవీడీలో. దాని మీద మావయ్య మార్కర్‌తో ‘ఓణీల ఫంక్షన్ 2008’ అని రాసి పెట్టాడు.

ఫంక్షన్ మా అక్కది. స్టూడియో వాళ్లు తీసిన అసలు వీడియో వేరే ఉంది, మూడు డిస్కుల సెట్టు. అందులో తాతయ్య కనిపిస్తారు, నవ్వుతారు, ఏదో మాట్లాడుతుంటారు. వినిపించేది మాత్రం సినిమా పాట. ఆ రోజుల్లో ఫంక్షన్ వీడియోలన్నీ అంతే కదా! మొదటి నుంచి చివరిదాకా పాటలే. మధ్యలో గులాబీ పువ్వు విచ్చుకుంటే అందులోంచి అక్క ముఖం.

మావయ్య తన హ్యాండీక్యామ్‌తో సరదాకి తీసిన గంట వీడియోలో మాత్రం పాటలు లేవు. వంటవాళ్ల కేకలు, పిల్లల గోల, ఫ్యాను చప్పుడు, మధ్యమధ్యలో తాతయ్య మాటలు. ఊళ్లో ఒక షాపులో ఇచ్చి దాన్ని టేపులోంచి డిస్కులోకి ఎక్కించాడు. తర్వాత అదే టేపు మీద తిరుపతి ట్రిప్పు రికార్డ్ చేసేశాడు. 2011లో తాతయ్య పోయారు. అప్పటికి మా ఇంట్లో ఎవరి ఫోన్లోనూ వీడియో తీసే అలవాటు లేదు. అంటే ఆయన గొంతుకి మిగిలింది ఆ ఒక్క డిస్కే.

మొన్న సంక్రాంతికి అందరం తెనాలిలో కలిశాం. భోజనాలయ్యాక అమ్మమ్మ అమ్మతో మెల్లగా అంది: “ఆయన మాట ఒకసారి వినాలనుందే.”

మావయ్య అటక మీద నుంచి పాత డీవీడీ ప్లేయర్ దింపాడు. పది నిమిషాలు బాగానే నడిచింది. పదకొండో నిమిషంలో తాతయ్య కెమెరా వైపు తిరిగారు. అంతే, బొమ్మ అంతా గళ్లుగళ్లుగా మారి ఆగిపోయింది. కాసేపు గరగరమని, తర్వాత డిస్కే లేదంది ప్లేయరు.

“అదేంటి, పొద్దున్నే శుభ్రంగా తుడిచా కదా” అన్నాడు బావ.

“దేంతో?”

“టూత్‌పేస్ట్‌తో. యూట్యూబ్‌లో చూశా.”

అక్క బావ వైపు చూసిన చూపు గురించి ఇక్కడ రాయను.

గీత ఎటు ఉందన్నదే పాయింటు

డిస్కుని లైటు కింద వంచి చూశా. గుండ్రంగా, సన్నటి గీతలు. బావ చక్కగా గుండ్రంగా రుద్దాడు మరి. అసలు తప్పు అక్కడే జరిగింది.

డిస్కు మీద డేటా మధ్యలో మొదలై, దోమల చుట్టలాగా తిరుగుతూ అంచు వైపు వెళ్తుంది. గీత మధ్య నుంచి అంచుకి అడ్డంగా పడితే, ఒక్కో వరసలో చిన్న ముక్క మాత్రమే పోతుంది. డీవీడీలో తప్పుల్ని సరిదిద్దుకునే ఏర్పాటు ఉంటుంది కాబట్టి ఆ చిన్న ముక్కని అది లెక్కగట్టి పూరించుకుంటుంది. అదే గీత గుండ్రంగా పడితే, డేటా వరస వెంటే నడిచి ఒకేచోట బోలెడంత మింగేస్తుంది. అందుకే డిస్కుని ఎప్పుడైనా మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవాలి. గుండ్రంగా తుడవకూడదు. టూత్‌పేస్ట్ అయితే పళ్లకే.

పాపం, నేరమంతా బావది కూడా కాదు. కొనుక్కున్న సినిమా డీవీడీ వేరు, మనం రైట్ చేయించుకున్న డీవీడీ వేరు. సినిమా డిస్కులో డేటాని ఫ్యాక్టరీలో అచ్చు గుద్దుతారు. రైట్ చేసే డిస్కులో ఒక రంగు పొర ఉంటుంది, లేజర్ దాన్ని కాల్చి గుర్తులు పెడుతుంది. ఆ రంగు ఎండకి, వేడికి మెల్లమెల్లగా పాడవుతుంది. అమ్మమ్మ వాళ్ల షోకేసు కిటికీకి ఎదురుగా ఉంటుంది. ఇన్నేళ్లూ మధ్యాహ్నం ఎండంతా దాని మీదే.

“మళ్లీ పెట్టి చూద్దాం, ఈసారి వస్తుందేమో” అన్నాడు మావయ్య. వద్దని డిస్కు తీసేసుకున్నా. అరిసెల డబ్బాతో పాటు అదీ నాతో హైదరాబాద్ బస్సెక్కింది.

తెలిసినవి ముందు, కష్టమైనవి తర్వాత

హైదరాబాద్ వచ్చాక తెలిసిందేంటంటే, మా ఆఫీసులో ఒక్కరి లాప్‌టాప్‌కీ డీవీడీ డ్రైవ్ లేదు. ఆన్‌లైన్‌లో యూఎస్‌బీ డ్రైవ్ తెప్పించా. డిస్కు తెరిస్తే ‘వీడియో టీఎస్’ అనే ఫోల్డరు, అందులో ఒక్కోటీ దాదాపు ఒక జీబీ ఉన్న వీఓబీ ఫైళ్లు కనిపించాయి. ప్రాణం లేచొచ్చింది. కాపీ కొట్టా. కాస్త దూరం వెళ్లి ఆగింది. ఎర్రర్ చూపించి మొత్తం కాపీనే రద్దు చేసేసింది.

మామూలు కాపీతో వచ్చే చిక్కే ఇది. చదవలేని చోటు ఒక్కటి తగిలినా అక్కడే పట్టుకుని వేలాడుతుంది. చివరికి చేతులెత్తేస్తుంది. దాని తర్వాత బాగున్న డేటా ఎంతున్నా మనకి రాదు.

ఆఫీసులో ఐటీ చూసే అన్న ఒకాయన ‘డీడీరెస్క్యూ’ అని ఒక ప్రోగ్రామ్ గురించి చెప్పాడు. లైనక్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. అది ఎలా పనిచేస్తుందో వినగానే నాకు ఎంసెట్ కోచింగ్ గుర్తొచ్చింది. తెలిసిన ప్రశ్నలు ముందు రాసెయ్, కష్టమైన వాటి దగ్గర కూర్చుని టైం పోగొట్టుకోకు, చివర్లో వాటి సంగతి చూడు అనేవాళ్లు కదా? అచ్చం అదే. డిస్కులో తేలిగ్గా వచ్చేదంతా ముందు లాగేస్తుంది. మొండికేసిన చోటుని వదిలేసి ముందుకు దూకుతుంది. ఏది వచ్చింది, ఏది రాలేదు అన్నది ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది. తర్వాత వెనక్కొచ్చి, వదిలేసిన వాటినే చిన్నచిన్న ముక్కలుగా మళ్లీ ప్రయత్నిస్తుంది. డీవీడీలో ఒక్కో ముక్క 2048 బైట్లు. నిండు డిస్కులో అలాంటివి దాదాపు 23 లక్షలు.

రాత్రి పెట్టి పడుకున్నా. డ్రైవ్ గర్రుగర్రుమంటుంటే, “నీ లాప్‌టాప్‌కి ఆస్తమా ఏమైనా వచ్చిందా?” అన్నాడు రూమ్మేటు.

పొద్దున లేచి చూస్తే 4.3 జీబీలో ఇంకా 310 ఎంబీ రాలేదు. అంటే నాలుగు నిమిషాల పైనే. అందులో పదకొండో నిమిషం ఉందని వేరే చెప్పక్కర్లేదు.

అప్పుడు ఆ అన్న ఇంకో మాట చెప్పాడు: “డ్రైవ్ మార్చి చూడు. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకోటి చదవొచ్చు.” లేజర్ కళ్లు అన్నీ ఒకలా ఉండవట. ఫ్రెండ్ దగ్గర డీవీడీ డ్రైవ్ ఉన్న పాత లాప్‌టాప్ అడిగి తెచ్చా. అప్పటిదాకా వచ్చిన ఫైలు, మ్యాప్ ఫైలు రెండూ హార్డ్ డిస్కులో పెట్టి దానికి తగిలించా. మ్యాప్ ఉంది కాబట్టి అది మళ్లీ మొదటి నుంచి మొదలెట్టలేదు. రాని 310 ఎంబీ మీదే కూర్చుంది.

రెండు రాత్రులు పట్టింది. చివరికి మిగిలింది 14 ఎంబీ. గంట వీడియోలో అటూఇటూగా పన్నెండు సెకన్లు. ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా ఒక్క ముక్క కూడా కదల్లేదు. సరే, ఇంతే అనుకున్నా.

నాకు గుర్తున్న గొంతు

అమ్మమ్మకి చూపించే ముందు నేను చూడకూడదనుకున్నా. కానీ తీరా అందరినీ కూర్చోబెట్టాక ఏమీ రాకపోతే? ఆ ముఖం చూడలేను. అర్ధరాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వీఎల్‌సీలో పదకొండో నిమిషానికి వెళ్లా.

బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరింది. మాట మాత్రం వచ్చింది!

ఎందుకో తర్వాత తెలుసుకున్నా. డీవీడీలో ప్రతి ఫ్రేమునీ పూర్తి బొమ్మగా దాచరు. ఒక పూర్తి బొమ్మ పెట్టి, దాని తర్వాత వచ్చేవాటిలో ఏం మారిందో అంతవరకే రాస్తారు. మధ్యలో ఒకటి పోతే, మళ్లీ పూర్తి బొమ్మ వచ్చేదాకా అన్నీ చెదిరిపోతాయి. శబ్దం అలా కాదు. చిన్నచిన్న ముక్కలుగా, ఏ ముక్కకి ఆ ముక్క విడిగా ఉంటుంది. పోయిన ముక్క పోతుంది, పక్కది వినిపిస్తుంది.

నన్ను కదిలించింది అది కాదు. తాతయ్య పోయేనాటికి నాకు పన్నెండేళ్లు. ఆయన గొంతు నాకు బాగా గుర్తుందనే ఇన్నాళ్లూ అనుకున్నా. బరువుగా, గంభీరంగా ఉండేదని. ఇయర్‌ఫోన్స్‌లో విన్నది సన్నటి గొంతు. హడావిడిగా, కాస్త ముక్కుతో మాట్లాడే గొంతు. ఇన్నేళ్లూ నేను గుర్తుపెట్టుకున్నది ఎవరి గొంతో నాకే తెలీదు.

తర్వాతి శనివారం తెనాలి వెళ్లా. అమ్మమ్మకి ఇప్పుడు సరిగ్గా వినపడదు, అందుకని మావయ్య బ్లూటూత్ స్పీకర్ ఆమె పక్కనే పెట్టాడు. పదకొండో నిమిషం వచ్చింది.

“ఒరే, ఆ మిషను పక్కన పెట్టి ముందొచ్చి కూర్చో.” ఒక గరగర. “చల్లారిపోతున్నాయి.”

మధ్యలో మాట ఒకటి పోయింది. ఏంటా మాట? “బజ్జీలు” అన్నాడు మావయ్య. “ఫంక్షన్‌కి బజ్జీలేంట్రా, బూరెలు” అంది అమ్మ. ఇద్దరూ వాదించుకుంటుంటే అమ్మమ్మ మళ్లీ వెయ్యమంది. మళ్లీ వేశా. మూడోసారి కూడా.

“గారెలు” అంది అమ్మమ్మ. “చల్లారిన గారె ఆయన ముట్టేవారు కాదు.” కళ్లు తుడుచుకుని నాలుగోసారి వెయ్యమంది.

బావకి హుషారొచ్చింది. “ఏఐతో ఆ మాట పెట్టించేద్దాం. ఆయన గొంతుతోనే. రెండు నిమిషాల పని.” తప్పు దిద్దుకోవాలనే తాపత్రయం, పాపం. కానీ నేను ఒప్పుకోలేదు. ఇప్పుడున్న ప్రతి మాటా ఆయనదే అని మా అందరికీ తెలుసు. ఒక్క మాట మనం కలిపామంటే, ఏది ఆయనదో ఏది మనదో రేపు అక్క పిల్లలకి ఎలా తెలుస్తుంది? గరగర అలాగే ఉండనీ.

మీ షోకేసు సంగతి

మీ ఇంట్లోనూ ఇలాంటి డిస్కు ఒకటి ఉండే ఉంటుంది. బాగా నడుస్తున్నప్పుడే కాపీ తీసెయ్యండి. పాడయ్యాక పడే పాట్లు ఇప్పుడే చదివారు కదా.

ఆల్రెడీ మొరాయిస్తోందా? ప్లేయర్లో పదేపదే పెట్టకండి. ముందు దొరికినంత మొత్తాన్ని ఒకే ఫైలుగా లాగేయండి, రిపేర్లూ మెరుగులూ తర్వాత. అవి కూడా ఆ ఫైలుకి ఇంకో కాపీ తీసి దాని మీదే చేయండి.

చిన్న సైజు డిస్కు పెట్టుకునే హ్యాండీక్యామ్‌తో తీసిందైతే, కంప్యూటర్ దాన్ని ఖాళీ డిస్కు అనొచ్చు. కంగారుపడి ఫార్మాట్ నొక్కేయకండి. రికార్డింగ్ అయ్యాక ‘ఫైనలైజ్’ చేయకపోతే అలాగే చూపిస్తుంది, లోపల వీడియో ఉండే అవకాశం ఉంది. పాత కెమెరా ఇంకా పనిచేస్తుంటే అందులో పెట్టి ఫైనలైజ్ చేయండి. లేదంటే ఐసోబస్టర్ లాంటి ప్రోగ్రాములు అలాంటి డిస్కుల్ని చదువుతాయి.

బయటికొచ్చాక కాపీ రెండు చోట్ల ఉండాలి. ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాం కదా అంటారా? వాట్సాప్ వీడియోని కుదించేస్తుంది. పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి, అసలుది హార్డ్ డిస్కులో, క్లౌడ్‌లో దాచండి.

ఆ రోజు బయల్దేరే ముందు అమ్మమ్మ పక్కన కూర్చుని ఫోన్లో రికార్డర్ ఆన్ చేశా. ఫంక్షన్ రోజు వంటల గురించి చెప్పమన్నా. ఇరవై నిమిషాలు ఆగకుండా చెప్పింది. గారెల దగ్గర మొదలై తాతయ్య కోపం మీదుగా వాళ్ల పెళ్లి దాకా వెళ్లింది.

అంతా అయ్యాక ఫోన్ వైపు అనుమానంగా చూసింది. “ఏరా, దీనికీ గీతలు పడతాయా?”

“పడినా ఫర్వాలేదు అమ్మమ్మా, రెండు చోట్ల పెడతా” అన్నా. బస్సెక్కాక మొదట చేసిన పని అదే.