కారు కారకముందే

ఈ నెల మన మాట ‘గొట్టం’. లోపల ఖాళీగా, పొడవుగా ఉండేది గొట్టం. మన పెద్దవాళ్లు పొయ్యి ఊదడానికి వాడింది ఊదుగొట్టం. కారు ఇంజనుకు ఉండేవి రబ్బరు గొట్టాలు. మెకానిక్‌లు వాటిని హోస్ పైపులు అంటారు.

ఈ గొట్టాల్లో పారే ద్రవం పేరు కూలెంట్. డర్బన్‌లోనో, పోర్ట్ లూయీలోనో, సువాలోనో ఉన్నవారికి అది ఇంజను వేడిని తగ్గించేది. మా ఫార్మింగ్టన్ హిల్స్‌లో దానికి మరో రెండు పనులు ఉన్నాయి. మొదటిది, చలికాలంలో గడ్డకట్టకుండా ఉండడం. జనవరి రాత్రి సున్నా కంటే 15 డిగ్రీలు కిందికి పోవడం ఇక్కడ వింత కాదు. వట్టి నీరు పోస్తే అది గడ్డకట్టి, ఉబ్బి, ఇంజనునే పగలగొడుతుంది. సగం నీరు, సగం గ్లైకాల్ కలిపితే సుమారు మైనస్ 37 డిగ్రీల సెల్సియస్ దాకా గడ్డకట్టదు. రెండోది, కారులో కూర్చున్నవారికి వెచ్చదనం ఇవ్వడం. హీటరుకు వేడి వచ్చేది ఈ ద్రవం నుంచే.

దారి ఇలా ఉంటుంది. వేడెక్కిన కూలెంట్ సాధారణంగా పై గొట్టం గుండా రేడియేటర్‌లోకి వెళ్తుంది. అక్కడ చల్లబడి కింది గొట్టం గుండా ఇంజనుకు తిరిగి వస్తుంది. హీటరుకు మరో రెండు సన్న గొట్టాలు ఉంటాయి. అన్నిటిలోనూ వేడి, ఒత్తిడి ఉంటాయి.

పాత కారులో చిక్కు ఇక్కడే. మనకు ‘పైన పటారం, లోన లొటారం’ అనే సామెత ఉంది. పైకి గొప్పగా కనిపిస్తుంది, లోపల ఏమీ ఉండదు అని అర్థం. గొట్టం కూడా అంతే. ఇంజనులో రకరకాల లోహాలు ఉంటాయి. కూలెంట్ తగిలినప్పుడు ఆ లోహాలు, రబ్బరు కలిసి చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. దానివల్ల గొట్టం లోపలి వైపు సన్నని పగుళ్లు పుడతాయి, ముఖ్యంగా చివర్ల దగ్గర, క్లిప్పులకు పక్కన. బయట రబ్బరు నల్లగా, నున్నగానే ఉంటుంది.

మా చెల్లెలి కొడుకు కారుకు పదిహేడేళ్లు. అక్టోబరులో పై గొట్టం కారింది. అదొక్కటే మారుద్దామన్నాడు.

“మిగతావి బాగానే ఉన్నాయి కదా, పెద్దమ్మా?”

“కళ్లతో చూస్తే బాగానే ఉంటాయి నాయనా. చేత్తో నొక్కి చూడు.”

ఇంజను పూర్తిగా చల్లారాక నొక్కాడు. కింది గొట్టం మధ్యలో గట్టిగా ఉంది, చివర మెత్తగా ఉంది. హీటరు గొట్టం నొక్కితే కరకరమంది. అన్నీ ఒకే వయసువి, ఒకే వేడి తిన్నవి. ఒకటి పోయిందంటే మిగతావాటి వంతు కూడా దగ్గరపడినట్టే. అతను రాత్రి షిఫ్టు ముగించుకుని 696 హైవే మీద ఒంటరిగా ఇంటికి వస్తాడు. ఆ చలిలో, ఆ దారిలో గొట్టం పగిలితే హీటరు కూడా ఉండదు. ఆగకుండా నడిపితే ఇంజనే పాడవుతుంది. గొట్టాల ఖర్చు దాని ముందు ఏపాటిది? నాలుగూ మార్చాం.

మీరు చేసేటట్లయితే ఈ వరుస గుర్తుంచుకోండి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయకండి. మరిగే ద్రవం ముఖం మీదికి చిమ్ముతుంది. చల్లారాక, కింద పళ్లెం పెట్టి కూలెంట్ దింపండి. పాత గొట్టం అతుక్కుపోతే మెలితిప్పి లాగకండి; రేడియేటర్ ప్లాస్టిక్ మూతి విరుగుతుంది. కత్తితో గొట్టాన్ని నిలువునా చీల్చి తీయండి. మూతి శుభ్రం చేసి, కొత్త గొట్టం తొడిగి, క్లిప్పు బిగించండి. మీ కారు పుస్తకంలో చెప్పిన రకం కూలెంటే పోయండి. లోపల చిక్కిన గాలి పోయేదాకా హీటరు పెట్టి ఇంజను నడపండి. మళ్లీ చల్లారాక మట్టం చూడండి.

పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. కుక్కలు, పిల్లలు తాగితే ప్రాణానికే ముప్పు. వీధి కాలువలో పోయకూడదు. మా ఊరి హెరిటేజ్ పార్కులో రూజ్ నది పాయ పారుతుంది. వీధిలో పోసింది అలాంటి పాయల్లోకే చేరుతుంది. మూత ఉన్న డబ్బాలో పోసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి.

ఇప్పుడు మూడు మాటలు. గొట్టం చివర తడి కనిపిస్తే ‘చెమ్మ’. చుక్కలు పడితే ‘కారడం’. ఒక్కసారిగా ఎగజిమ్మితే ‘చిమ్మడం’. చెమ్మ దగ్గరే పని మొదలుపెట్టాలి. చిమ్మాక చేసేది ‘చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం’.

ఈ నెల అభ్యాసం: మీ ఇంట్లో పాత కారు ఉంటే, చల్లగా ఉన్నప్పుడు గొట్టాలు నొక్కి చూడండి. మెత్తగా ఉందా, గట్టిగా ఉందా, ఉబ్బిందా, పగిలిందా? తెలుగులో నాలుగు వాక్యాలు రాయండి. ‘కారు’ అనే మాటను రెండు అర్థాల్లోనూ వాడండి: ఎక్కే కారు, చుక్కలుగా కారు.