ఆటగాళ్ళు మాత్రమే ఔత్సాహికులా?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌ని (మనమనుకునే ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునేది) డబ్బు నాశనం చేసిందని ఈ మధ్య చాలామంది వాపోతున్నారు. నాలాగే ఇక్కడికి ఎమ్మెస్‌కి వచ్చి, చదివిన యూనివర్సిటీ టీషర్టు తొడుక్కుని శనివారాలు టీవీకి అతుక్కుపోయే తెలుగువాళ్ళూ అందులో ఉన్నారు. 2021 జులై నుంచి ఆటగాళ్ళు తమ పేరునీ బొమ్మనీ ప్రకటనలకి అమ్ముకోవచ్చు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ కేసు ఒప్పందం వల్ల కాలేజీలే వాళ్ళకి నేరుగా డబ్బివ్వచ్చు, మొదటి ఏడాది ఒక్కో కాలేజీ సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. "పంతొమ్మిదేళ్ళ కుర్రాడికి అంత డబ్బెందుకండీ, ఆట మీద ప్రేమ ఎలా ఉంటుంది?" అంటున్నారు.

తెలుగులో 'ఔత్సాహిక' అన్న మాటకి మంచి పేరుంది. పరిషత్తు నాటకాల పుణ్యం అది. పగలంతా ఆఫీసులో పనిచేసి, రాత్రి రిహార్సల్‌కి వెళ్ళి, చేతి డబ్బులు పెట్టుకుని ఆడిన నాటకాలు. కానీ అక్కడ దర్శకుడికీ జీతం లేదు, తెర లాగేవాడికీ లేదు. (ఆ మాటకొస్తే ఈ వ్యాసానికి నాకూ లేదు.) కాలేజీ ఫుట్‌బాల్‌లో అలబామా కోచ్ నిక్ సేబన్ జీతం రిటైరయ్యేనాటికి ఏడాదికి కోటి డాలర్ల పైమాటే. మార్చిలో జరిగే బాస్కెట్‌బాల్ టోర్నమెంటు ప్రసార హక్కులకి 2010లో సీబీఎస్, టర్నర్ కలిసి 14 ఏళ్ళకి 1,080 కోట్ల డాలర్లు రాసిచ్చాయి. స్టేడియంలో పాప్‌కార్న్ అమ్మేవాడికి కూడా గంట లెక్కన కూలి ముడుతుంది. ప్రేమతో సరిపెట్టుకోవాల్సినవాడు ఆటగాడొక్కడే!

అసలు 'స్టూడెంట్-అథ్లెట్' అన్న మాట ఎక్కడిదో చూడండి. విద్య గురించీ క్రీడల గురించీ ఆలోచించే పెద్దమనిషెవరూ దాన్ని పుట్టించలేదు. కాలేజీ ఆటల్ని శాసించే ఎన్‌సీఏఏని 1951 నుంచి 1980ల చివరిదాకా నడిపిన వాల్టర్ బయర్స్ హయాంలో, కోర్టుల్లో పనికొస్తుందని తయారుచేసిన మాట అది. పనిలో దెబ్బ తగిలితే కార్మికుడికి కట్టాల్సిన నష్టపరిహారం ఆటగాళ్ళకీ కట్టాల్సొస్తుందేమోనన్నది వాళ్ళ భయం. ఉత్త భయమేం కాదు. నడుముకి దెబ్బ తగిలిన డెన్వర్ యూనివర్సిటీ ఆటగాడికి పరిహారం ఇవ్వాల్సిందేనని 1953లో కొలరాడో సుప్రీమ్ కోర్టు తీర్పిచ్చింది. 1955లో అదే రాష్ట్రంలో రే డెనిసన్ అనే ఆటగాడు మైదానంలో తలకి దెబ్బ తగిలి చనిపోయాడు. భార్య పరిహారం అడిగింది. కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారం చేయడం లేదు కదా అంటూ 1957లో అదే కోర్టు కాదంది. 1974లో టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ తరఫున ఆడుతూ కెంట్ వాల్‌డ్రెప్ మెడ విరిగి, శరీరం చచ్చుబడిపోయింది. అతను ఉద్యోగి కాడని టెక్సస్ అప్పీలు కోర్టు 2000లో తేల్చింది. ఈలోగా, 1995లో, బయర్సే ఒక పుస్తకం రాసి ఆ మాట ఎందుకు పుట్టించారో చెప్పేశాడు, తను కట్టిన వ్యవస్థనే తప్పుపట్టాడు. అయినా అది ఇంకో పాతికేళ్ళు నిలబడింది.

"చదువు ఉచితం కదా" అంటారు. నేను ఎమ్మెస్ చదివేటప్పుడు టీచింగ్ అసిస్టెంట్‌ని. ఫీజు మాఫీ, పైన నెలనెలా జీతం, అందులో పన్ను కోత. వారానికి ఇరవై గంటలు హోంవర్కులు దిద్దేవాణ్ణి. జీతం తీసుకుంటున్నావు కాబట్టి నువ్వు విద్యార్థివి కావని నన్నెవరూ అనలేదు. నా విద్యాభిమానం మైలపడిందని ఎవరూ బెంగపడలేదు. పోనీ, ఆటగాళ్ళకిచ్చే ఆ చదువైనా చూద్దామా? నార్త్ కెరొలైనా యూనివర్సిటీలో 18 ఏళ్ళ పాటు క్లాసులే జరగని కోర్సులు నడిచాయని 2014లో విచారణ నివేదిక బయటపెట్టింది. వాటిల్లో చేరిన సుమారు 3,100 మందిలో దాదాపు సగం మంది ఆటగాళ్ళు. తమ నిబంధనల ప్రకారం దీనికి శిక్ష వేయలేమని 2017లో ఎన్‌సీఏఏ చేతులు దులుపుకుంది.

ఒక అభ్యంతరం మాత్రం గట్టిది. ఫుట్‌బాల్ డబ్బుతోనే ఈత, కుస్తీ, చాలావరకు ఆడపిల్లల ఆటలు నడుస్తున్నాయి. ఆ డబ్బు పంచితే ముందు మూతపడేవి అవే. నిజమే. కానీ 2023లో టెక్సస్ ఎ అండ్ ఎం తన కోచ్ జింబో ఫిషర్‌ని ఇంటికి పంపుతూ, పని చేయనందుకు ఏడున్నర కోట్ల డాలర్ల పైన కట్టడానికి సిద్ధపడింది. అప్పుడు ఈ ఈతవాళ్ళెవరికి గుర్తొచ్చారు?

కొత్త ఒప్పందం చూసి కథ కంచికి చేరిందనుకునేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. కాలేజీ ఇచ్చేది జీతం కాదు, పేరూ బొమ్మా వాడుకున్నందుకు రుసుము. ఆటగాడు ఇప్పటికీ ఉద్యోగి కాడు. నార్త్‌వెస్టర్న్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళు యూనియన్ పెట్టుకోబోతే, 2015లో కార్మిక బోర్డు ఈ వ్యవహారంలో తలదూర్చనంది. వాళ్ళు ఉద్యోగులు కారని ఏకంగా చట్టమే చేయమని ఎన్‌సీఏఏ ఇప్పుడు కాంగ్రెస్ చుట్టూ తిరుగుతోంది. రెండు కోట్లు ఇవ్వడానికి ఒప్పుకున్నవాళ్ళు ఈ ఒక్కదానికీ ఎందుకు ఒప్పుకోరు? రెండు కోట్లకి పరిమితి ఉంది, ఏడాదికోసారి లెక్క చూసుకోవచ్చు. ఉద్యోగి అన్నాక యూనియన్ వస్తుంది, బేరం వస్తుంది, దెబ్బ తగిలితే పరిహారం వస్తుంది. ఆట మానేశాక రెండేళ్ళ దాకా గాయాల వైద్యానికి 2024 నుంచి ఎన్‌సీఏఏ బీమా ఇస్తోంది. బొమ్మ ఎవరూ కొనని, పేరు కామెంటేటర్‌కి కూడా నోరు తిరగని లైన్‌మన్ మోకాలు మూడో ఏడు నొప్పి పెడితే ఆ బిల్లు అతనిదే.